శక్తిమాన్ వస్తాడా అమ్మా?



మొన్న సంక్రాంతికి ముందు అటక మీది సామాను దించి దులుపుతుంటే పాత రేకుపెట్టె ఒకటి బయటపడింది. మూత తీస్తే కలరా ఉండల వాసన. అడుగున, న్యూస్‌పేపరులో చుట్టి పెట్టిన చిన్న చొక్కా, లాగూ. నా పాత లంగా గుడ్డ చింపి కుట్టినవి, ముదురు ఎరుపు రంగువి. ఛాతీ మీద పట్టుచీర జరీ అంచు గుండ్రంగా కత్తిరించి, చుట్టూ కిరణాలు పెట్టి సూర్యుడిలా కుట్టాను. అది మా అబ్బాయి శక్తిమాన్ డ్రెస్సు. వాడికి ఆరేళ్ళప్పుడు, 1998లో, నా చేతులతో నేనే కుట్టాను. ఒక వేసవి మధ్యాహ్నం మళ్ళీ నా చేతులతో నేనే తీసి దాచేశాను. ఎందుకు దాచానో చెప్పాలంటే ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి.

మా మెట్టినిల్లు తెనాలి. పుట్టిల్లు రేపల్లె. అక్కయ్యను బాపట్ల ఇచ్చారు. తెనాలి నుంచి రేపల్లెకి ఒక రైలు దారి, బాపట్లకి మరో రైలు దారి. నా జీవితంలో సగం ఈ రెండు దారుల మీదే గడిచింది, చేతిలో ఒక సంచీ, చంకలో ఒక పిల్లాడూ. ఈ మూడు ఊళ్ళ పిల్లలకీ సాహసవీరులు కొత్తేమీ కాదు. ఆ మాటకొస్తే తెలుగు పిల్లలందరికీ వీరుల్ని పంచిపెట్టింది మా తెనాలే అని మేము కొంచెం గర్వంగా చెప్పుకుంటాం. 1947 జూలైలో మొదలైన 'చందమామ' వెనక ఉన్న చక్రపాణిగారు తెనాలివారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకూ ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారూ తెనాలిలో పుట్టినవారే. భుజాన శవాన్ని వేసుకుని నడిచే విక్రమార్కుడు ఎన్ని ఇళ్ళలో పిల్లల్ని పుస్తకం కోసం కొట్టుకునేలా చేశాడో మీకు తెలుసు. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1951లో తీసిన 'పాతాళ భైరవి'లో తోటమాలి కొడుకు రాముడు మాంత్రికుణ్ణి జయించాడు. మా అమ్మ తరానికి వాడే వీరుడు.

ఆ వీరులకీ, తర్వాత వచ్చినవాళ్ళకీ ఒక తేడా ఉంది, గమనించారా? తోట రాముడికి పుట్టుకతో ఏ శక్తీ లేదు. ఉన్నది తెగువ, తెలివి. విక్రమార్కుడు గాలిలో ఎగరడు. ఆయన చేయవలసిందల్లా బేతాళుడి ప్రశ్నకి సరైన జవాబు చెప్పడం. తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుందని షరతు. ఈ షరతు కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఎగిరే వీరుడు అమెరికాలో పుట్టాడు. 1938లో బొమ్మల పుస్తకంలో వచ్చిన సూపర్‌మేన్, 1952 నుంచి 1958 వరకు అక్కడి టెలివిజన్‌లో సీరియల్‌గా వచ్చాడు. 1966లో బ్యాట్‌మేన్ వచ్చాడు. పగలు మామూలు మనిషి, ఆపద వస్తే వేషం మార్చుకుని ఆదుకునేవాడు, అదీ కథ. మెడకి తువ్వాలు కట్టుకుని ఎగరబోయే పిల్లల గురించి అక్కడి తల్లులు కూడా ఆ రోజుల్లోనే బెంగపెట్టుకున్నారు. మన తెలుగులో 1980లో ఎన్.టి. రామారావుగారు 'సూపర్‌మేన్' సినిమాలో నటించారు. అయితే సినిమా అంటే ఏడాదికి ఏ నాలుగుసార్లో వెళ్ళి చూసి వచ్చేది. పిల్లలు దాన్ని హాల్లోనే వదిలేసి వచ్చేవాళ్ళు. ఇంట్లో గోడ పక్కన స్టూలు మీద కూర్చుని వారం వారం పలకరించే వీరుడు రావాలంటే టీవీ రావాలి.

వచ్చింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో రంగులు వచ్చాయి. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లు దేశమంతా వెలిశాయి. 1985లో మన చందమామ విక్రమార్కుడే హిందీ మాట్లాడుతూ 'విక్రమ్ ఔర్ బేతాళ్'గా దూరదర్శన్‌లో కనిపించాడు. అందులో విక్రముడుగా వేసిన అరుణ్ గోవిల్ 1987లో 'రామాయణ్'లో రాముడయ్యాడు. 1988 అక్టోబరులో 'మహాభారత్' మొదలైంది. ఆ ఆదివారాలు మీరెవ్వరూ మరిచిపోయి ఉండరు. పొద్దున్నే తలంట్లు ముగించి, ఉప్మా డేక్సా దింపి, ఇరుగుపొరుగు అందరం ఒకే ఇంట్లో చేరేవాళ్ళం. మా వీధికంతటికీ ఒకటే ఇ.సి. టీవీ, నలుపూ తెలుపూ. బొమ్మ వణికితే డాబా మీద ఒకరు యాంటెన్నా తిప్పాలి, మెట్ల మీద ఒకరు నిలబడి, "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని కేకలు వేయాలి.

ఆ మహాభారతంలో భీష్ముడుగా వేసిన ముఖేష్ ఖన్నాయే తర్వాత సొంతంగా 'శక్తిమాన్' తీశాడు. దర్శకుడు దినకర్ జానీ. 1997 సెప్టెంబరు 13న, శనివారం నాడు, దూరదర్శన్‌లో మొదలైంది. తర్వాత ఆదివారం మధ్యాహ్నానికి మార్చారు. అప్పటికి మన తెలుగులో జెమినీ, ఈటీవీ వచ్చి రెండేళ్ళయింది. అయినా శక్తిమాన్ సమయానికి పిల్లలున్న ఇంట్లో ఆ రెండూ పనికిరాలేదు.

కథ ఇదీ. గంగాధర్ అని ఎత్తుపళ్ళూ, కళ్ళద్దాలూ, నూనె రాసి దువ్విన తలా ఉన్న అమాయకుడు. పత్రికాఫీసులో ఫొటోలు తీస్తుంటాడు. అందరూ అతన్ని చూసి నవ్వేవాళ్ళే. అతనే శక్తిమాన్. వేలు పైకెత్తి గిరగిరా తిరిగాడంటే ఎరుపూ బంగారమూ కలిసిన దుస్తులతో ఆకాశంలో ఉంటాడు. అమెరికా సూపర్‌మేన్ వేరే గ్రహం నుంచి వచ్చినవాడు. ఇతను ఈ నేల మీద గురువుల దగ్గర యోగసాధన చేసి, కుండలిని మేల్కొలిపి, పంచభూతాల శక్తి సంపాదించుకున్నాడు. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా టీవీ కట్టెయ్యమనకుండా కూర్చోవడానికి ఇదొక కారణం. మా అత్తయ్యగారికి హిందీ ఒక్క ముక్క రాదు. అయినా, "వీడు మన భీష్ముడు గదే! ఆ నల్లటివాడు ద్రోణాచార్యులు!" అని గుర్తుపట్టేశారు. నిజమే, చీకటికి రాజైన కిల్విష్‌గా వేసిన సురేంద్ర పాల్ మహాభారతంలో ద్రోణుడే. కురుక్షేత్రంలో ఒకే పక్షాన నిలబడ్డ ఇద్దరూ ఇక్కడ ఎదురెదురు పక్షాలయ్యారు.

ఆ కిల్విష్ చీకటే ఎల్లకాలం నిలవాలని గర్జించేవాడు. సరిగ్గా ఆ సమయానికే కరెంటు కోత వచ్చిందనుకోండి, మా వీధి పిల్లలంతా నిజంగానే కిల్విష్ గెలిచాడని గోల పెట్టేవాళ్ళు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలకి చదివే పిల్లలకైతే అదొక మంచి సాకు. "హిందీ నేర్చుకుంటున్నానమ్మా" అని టీవీ ముందు కూర్చునేవాళ్ళు. ప్రాథమికలో తప్పిన మా పక్కింటి అమ్మాయి కూడా కిల్విష్ మాట మాత్రం తప్పులేకుండా అప్పజెప్పేది.

ఆడవాళ్ళం మనం గమనించవలసిన పాత్ర ఒకటుంది, గీతా విశ్వాస్. మొదట కిట్టూ గిద్వానీ, తర్వాత వైష్ణవీ మహంత్ వేశారు. గీత విలేకరి. శక్తిమాన్ ఎవరో, ఎక్కడివాడో నలుగురికీ తెలియజెప్పాలని పట్టుదలగా వెంటపడుతుంది. కాపాడండి అని కేకలు పెట్టడానికే ఆడపిల్లను పెట్టే కథలు చూసి చూసి ఉన్న మనకి, కలం పట్టుకుని ప్రశ్నలు అడిగే ఆడపిల్ల కనిపించింది. మా అక్కయ్య కూతురు ఆ రోజుల్లో నోటుపుస్తకం చంకన పెట్టుకుని, "నేను గీతా విశ్వాస్‌ని, చెప్పండి పెద్దమ్మా, నిన్న దొండకాయ వేపుడు ఎందుకు మాడింది?" అని మా అత్తయ్యగారిని నిలదీసేది.

కథ అయిపోయాక చివర్లో పిల్లలకో బుద్ధి చెప్పేవాడు. 'ఛోటీ ఛోటీ మగర్ మోటీ బాతేఁ' అని దాని పేరు, అంటే చిన్నవే గాని బరువైన మాటలు. తప్పు చేసిన పిల్లవాడు తన తప్పు తెలుసుకుని "సారీ శక్తిమాన్" అనాలి. మనం నెల రోజులు మొత్తుకున్నా వినని మాట, అతను నిమిషంలో వినిపించేవాడు.

ఇక్కడే మనం తల్లులం, నాతో సహా, ఒక పొరపాటు చేశాం.

తేలిగ్గా దొరికిన సాయాన్ని ఎవరు వదులుకుంటారు? "పాలు తాగకపోతే శక్తిమాన్‌కి కోపం వస్తుంది." "అబద్ధం ఆడావో, పైనుంచి చూస్తూనే ఉంటాడు." "మంచివాడివైతే నువ్వు పిలిచినప్పుడు వస్తాడు." వెనకటి తల్లులు బూచాణ్ణి చూపించి అన్నం తినిపించారు. మేము శక్తిమాన్‌ని చూపించి తినిపించాం. బూచాడికి పిల్లలు భయపడి దూరంగా పోతారు. శక్తిమాన్ కోసం దగ్గరికి పోతారు. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

1998 మే నెల. సెలవులకి బాపట్ల అక్కయ్యగారింటికి వెళ్ళాం. ఆవకాయ రోజులు. డాబా మీద మిరపకాయలు ఎండబోశాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాళ్ళం కింద ఆవపిండి జల్లిస్తున్నాం. సూర్యలంక వైపు నుంచి గాలి తిరిగింది, మిరపకాయల మీది గుడ్డ ఎగురుతుందేమో చూసివద్దామని నేను పైకి వెళ్ళాను. వెళ్ళేసరికి, నేను కుట్టిన ఎర్ర డ్రెస్సు వేసుకుని మావాడు పిట్టగోడ మీద నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి పైకెత్తి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. గిరగిరా తిరగడమే తరువాయి. కింద సిమెంటు గచ్చు.

నా గొంతు పెగల్లేదు. అదే మంచిదయింది. కేక వేసి ఉంటే ఉలిక్కిపడేవాడు. నా వెనకే వచ్చిన అక్కయ్య నన్ను పక్కకి తోసి, ఏమీ ఎరగనట్టు, "ఒరే నాన్నా, శక్తిమాన్ బూట్లు లేకుండా ఎగురుతాడుట్రా? దిగు, బూట్లు వేసుకుందువుగాని" అంది. వాడు కళ్ళు తెరిచి తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఆ ఒక్క క్షణంలో అక్కయ్య వాణ్ణి నడుం పట్టి దింపేసింది. తర్వాత ఇద్దరం మిరపకాయల మధ్యే కూలబడ్డాం. ఎండ కాలుస్తోందని కూడా తెలియలేదు.

వాడేమీ బెదరలేదు. "అమ్మా, నేను పడితే శక్తిమాన్ వస్తాడు కదా? మంచిపిల్లలు పిలిస్తే వస్తాడని నువ్వేగా చెప్పావు. వస్తాడా అమ్మా?" అని అడిగాడు.

చూశారూ, బేతాళుడి ప్రశ్న అంటే అదే. జవాబు నాకు తెలుసు. తెలిసి చెప్పకపోతే పగిలేది నా తల కాదు.

"రాడు నాన్నా" అన్నాను. "నీతో అబద్ధం చెప్పాను. తప్పు నాది. సారీ." వాడు చాలాసేపు నా మొహంలోకి చూసి, ఆ తర్వాత ఏడ్చాడు. దెబ్బ తగిలినప్పుడు ఏడ్చే ఏడుపు కాదది. మనిషి పోయినప్పుడు ఏడ్చే ఏడుపు. ఆ సాయంత్రమే డ్రెస్సు తీసి దాచేశాను.

ఇలాంటి సంగతి మా ఒక్క ఇంటిదే కాదు. శక్తిమాన్‌ని అనుకరించబోయి, అతను వచ్చి కాపాడతాడని నమ్మి, పిల్లలు ప్రమాదాల పాలయ్యారని ఆ కాలంలోనే దేశంలో పలుచోట్ల నుంచి వార్తలు వచ్చాయి. సీరియల్ ఆపేయాలని కొందరు అన్నారు. ఆ వార్తల్లో నిజమెంత అని తీసినవాళ్ళు వాదించారు. వాదన ఎలా ఉన్నా, ముఖేష్ ఖన్నా తానే తెర మీదికి వచ్చి, నేను చేసేవి మీరు చేయకండి అని పిల్లలకి చెప్పవలసి వచ్చింది. తాళ్ళు కట్టి, కెమెరాతో చేసే విద్య అది అని పెద్దలకి తెలుసు. పిల్లలకి తెలియదు. తెలియజెప్పే పని టీవీది ఎంతో, మనదీ అంతే.

బాపట్ల నుంచి తిన్నగా రేపల్లె వెళ్ళాం. వాడు దిగులుగానే ఉన్నాడు. మా అమ్మ సంగతంతా విని, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. రాత్రి వాడి పక్కన పడుకుని 1977 నవంబరు 19 తుఫాను కథ చెప్పింది. దివిసీమ ఉప్పెన అంటాం గాని, కృష్ణకి ఇవతల మా రేపల్లె, బాపట్ల తీరాన్నీ ఆ తుఫాను వదల్లేదు. మా నాన్నగారు ఏదో పని మీద నిజాంపట్నం వైపు వెళ్ళి ఆ రాత్రి అక్కడే చిక్కుపడిపోయారు. నీళ్ళు మెడదాకా వచ్చాయి. ఇంటి కప్పు మీదున్న పల్లెకారు ఒకాయన చెయ్యందించి పైకి లాగి, తెల్లవార్లూ ఆ చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. తెల్లారాక ఎవరిదారిన వాళ్ళు తమవాళ్ళని వెతుక్కుంటూ పోయారు. పేరు కూడా అడగలేదుట.

"ఆయనకి డ్రెస్సు ఉందా అమ్మమ్మా?" అన్నాడు మావాడు.

"డ్రెస్సేమిట్రా, ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేదు."

"ఎగరడం వచ్చా?"

"రాదు. వస్తే ఆయనే ఎగిరి పోయేవాడుగా! రాకపోబట్టే మీ తాతయ్యని పట్టుకుని కూర్చున్నాడు."

చీకట్లో వాడు ఏమనుకున్నాడో తెలియదు గాని, చాలా రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. మరుసటి ఆదివారం మళ్ళీ శక్తిమాన్ చూశాడు. నేను వద్దనలేదు. అయితే పక్కన కూర్చున్నాను. ఇది తాడు, ఇది కెమెరా అని నేనంటే, "తెలుసులే అమ్మా, మాట్లాడకు" అనేవాడు. అంతకు ముందు ఆ అరగంట నాకు వంటింట్లో తీరికగా పని చేసుకునే సమయం. ఆ తర్వాత నుంచి మా ఇద్దరి సమయం అయింది.

శక్తిమాన్ 2005 మార్చి 27న ముగిసింది. ఏడున్నరేళ్ళు నడిచింది. అప్పటికి మావాడికి మీసం వస్తోంది, చూడడం ఎప్పుడో మానేశాడు. చందమామ అచ్చు కూడా 2013 నాటికి ఆగిపోయింది. ఏ వీరుడైనా అంతే, పిల్లలు పెరిగి వెళ్ళిపోతారు.

2020లో కరోనాకి ఊళ్ళన్నీ తలుపులు వేసుకున్నప్పుడు దూరదర్శన్ పాత సీరియళ్ళు మళ్ళీ వేసింది. ఏప్రిల్లో శక్తిమాన్ వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చేసి ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్న మావాడు, ఇరవై ఎనిమిదేళ్ళవాడు, కంచం పట్టుకుని టీవీ ముందు చేరాడు. ఎంత నవ్వాడో! ఆకాశం అతికించినట్టుంది, రాక్షసులు అట్టముక్కల్లా ఉన్నారు. "దీన్ని చూసా అమ్మా నేను పిట్టగోడ ఎక్కింది?" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఇన్నేళ్ళయినా ఆ పిట్టగోడ గుర్తొస్తే నా అరికాళ్ళు జివ్వుమంటాయి.

అది చూసి వాడు నవ్వడం ఆపాడు. కాసేపయ్యాక, మా పై వాటాలో ఒంటరిగా ఉండే ముసలి దంపతులకి మందులు తేవడానికి మాస్కు తగిలించుకుని బయలుదేరాడు. రోజూ వెళ్ళేవాడు. గడప దాటుతూ, "మందుల చీటీ ఇచ్చారా?" అని అడిగి, కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. ఎగిరే శక్తిమాన్ కంటే నాకు ఎప్పుడూ గంగాధరే నచ్చుతాడు. ఆ రోజు ఇంకా నచ్చాడు.

ఇప్పుడు డ్రెస్సు సంగతి. దానికి రెండు బొత్తాలు ఊడిపోయాయి, కుట్టాను. ఉతికి ఎండలో వేశాను. బాపట్లలో అక్కయ్య మనవడికి అయిదేళ్ళు. ఫోనులో ఏవేవో ఎగిరే బొమ్మలు చూస్తాడు. ఇప్పటి వీరులు ఆదివారం దాకా ఆగరు, అడిగిన క్షణంలో ప్రత్యక్షమవుతారు, పక్కన పెద్దవాళ్ళు ఉన్నారా లేదా చూసుకోరు. డ్రెస్సు సంగతి విన్న దగ్గర్నుంచి కావాలని ఒకటే పేచీ. ఇస్తానన్నాను. వద్దని దాచడం వల్ల ప్రయోజనం లేదని నాకు తెలిసింది. ఆటకి వేషం ఉండాలి, పిల్లలకి వీరుడు ఉండాలి.

కాకపోతే చొక్కా తొడిగే ముందు వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ జవాబు చెప్పేస్తాను. వాడు అడిగేదాకా ఆగను. తర్వాత, నిజాంపట్నం పల్లెకారు కథ చెబుతాను. మీ ఇంట్లో ఏ పెట్టె అడుగునో ఇలాంటి డ్రెస్సు ఉండే ఉంటుంది. ఒకసారి చూడండి.

సెలవు.